నాయనమ్మ జీవితం రాయబోతున్న మనుమరాలికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాయనమ్మ సంవత్సరీకం నాటికి ఆవిడ జీవితం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి బంధువులందరికీ ఇవ్వాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. నువ్వు పంపిన మొదటి పేజీలు నిదానంగా చదివాను. వాటిలో మా అత్తగారు ఓర్పుకు మారుపేరు, త్యాగమూర్తి, ఆకలన్నవారికి అన్నం పెట్టిన అన్నపూర్ణ, ఎవరినీ పల్లెత్తు మాట అనని సాధ్వి. వీటిలో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, చివరిది మాత్రం ఆవిడ వంటింట్లో కోడలిగా మెలిగిన నాకు నవ్వు తెప్పించింది. అయితే నా అభ్యంతరం నిజానిజాల గురించి కాదు. ఆ పేజీలలో నాయనమ్మ ప్రస్తావన తీసేసి, మన వీధిలో పోయిన ఏ పెద్దావిడను అక్కడ పెట్టినా ఒక్క అక్షరం మార్చవలసిన పని ఉండదు. అటువంటి పుస్తకం సంవత్సరీకం భోజనాలయ్యాక అరుగు మీదే మిగిలిపోతుంది.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఆవిడ ఎటువంటి మనిషో చెప్పడం తగ్గించి, ఆవిడ ఏయే పనులు చేశారో, దేన్ని ఎప్పుడు ఎందుకు నిర్ణయించారో, దానివల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరికి కష్టం కలిగిందో రాయి. గుణాలు చదివేవారు తామే గ్రహిస్తారు. ఉద్యోగమంతా పిల్లల వ్యాసాలు దిద్దడంతోనే గడిచినదాన్ని కనుక, కాస్త కటువుగా చెప్పినా ఏమీ అనుకోవద్దు.

ముందుగా పేరు సంగతి. నీ ప్రతిలో 'నాయనమ్మ' అన్న మాట దాదాపు ప్రతి వాక్యంలోనూ ఉంది, ఆవిడ అసలు పేరు మాత్రం ఎక్కడా లేదు. అది నీ ఒక్కదాని పొరపాటు కాదు. కాపురానికి వచ్చిన రోజు నుంచి మన ఊళ్లో అందరూ ఆవిడను పుట్టింటి ఊరు పెట్టి మాచర్లామె అనే పిలిచారు. బిడ్డలు పుట్టాక పెద్దవాడి అమ్మ అయ్యారు. కాగితాలలో ఫలానావారి భార్య అయ్యారు. ఇది దేశమంతటా ఉన్నదే. 1951-52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల కోసం ఓటరు జాబితాలు రాసినప్పుడు, సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో తల్లిననో రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను, ఎక్కువగా ఉత్తరాది ప్రాంతాలలో, తొలగించవలసి వచ్చింది. అందువల్ల మొదటి పేజీలోనే ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు, తల్లి పేరు, అమ్మమ్మ పేరు రాయి. తండ్రుల వైపు పేర్లు పొలం కాగితాలలో ఎలాగూ నిలిచి ఉంటాయి. తల్లుల వైపు పేర్లు మనుషుల నోటిలోనే ఉంటాయి. ఆవిడ అమ్మమ్మ పేరు చెప్పగలిగినవారు నాకు తెలిసి ఇప్పుడు మాచర్లలో ఉన్న ఆవిడ చెల్లెలు ఒక్కరే. ఆమెకు చెవులు సరిగా వినబడవు కనుక ఫోనులో కాకుండా స్వయంగా వెళ్లి అడుగు, ఆలస్యం చేయకు.

తేదీల దగ్గర ఆధార్ కార్డును నమ్మవద్దు. అందులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంది. ఆ కార్డులను బట్టి చూస్తే మన ఊళ్లో ఆ వయసువారు చాలామంది ఒకే రోజున పుట్టి ఉండాలి! తాను బహుధాన్యలో పుట్టానని అత్తయ్యగారు నాతో చాలాసార్లు అన్నారు. అంటే 1938 ఉగాదికీ 1939 ఉగాదికీ మధ్య అన్నమాట. 1998లో మళ్లీ బహుధాన్య వచ్చినప్పుడు, నా ఏడు తిరిగి వచ్చిందని పంచాంగశ్రవణం నుంచి వచ్చి సంతోషంగా చెప్పారు కూడా. ఆవిడ తరం వారు కాలాన్ని అంకెలతో కాక జరిగిన సంగతులతో గుర్తుపెట్టుకున్నారు. వారు చెప్పిన గుర్తును సంవత్సరంగా మార్చుకోవడం నీ పని. సాగర్ డ్యాముకు నెహ్రూగారు రాయి వేసిన మరుసటి వేసవిలో తన పెళ్లి జరిగిందనేవారు; శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది గనుక పెళ్లి 1956 వేసవిలో జరిగినట్లు లెక్క, అప్పటికి ఆవిడకు పదిహేడో పద్దెనిమిదో. కాలువలకు ఇందిరాగాంధీ నీరు వదిలింది 1967 ఆగస్టు 4న. అయితే ఆ నీరు చివరి ఊళ్లకు చేరడానికి ఇంకా కాలం పట్టింది కనుక, 'సాగర్ నీళ్లు వచ్చిన ఏడు' అని ఎవరైనా అంటే డ్యాము దగ్గర వచ్చిన ఏడా, మన ఊరి మేజరు కాలువకు వచ్చిన ఏడా అని విడిగా అడుగు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కార్తీకంలో వచ్చింది. మీ చిన్నత్త పుట్టింది దాని ముందా వెనకా అని ఎవరిని అడిగినా చెబుతారు. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో మొదలైంది. డబ్బు లెక్కలు చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. ఆవిడ చిన్నతనంలో పైసాకు కొన్నామని చెప్పిన వస్తువు ధరను ఇప్పటి పైసాగా రాస్తే తప్పవుతుంది. ఒక సంగతికి అటు ఒక గుర్తు, ఇటు ఒక గుర్తు దొరికితే చాలు. దొరకని చోట 'సుమారు' అని రాయడంలో చిన్నతనం లేదు.

ఇక అసలైన భాగం, ఆవిడ పని. నీ ప్రతిలో దీనికి 'పొద్దున్నే లేచి ఇంటి పనులన్నీ చక్కబెట్టుకునేది' అన్న ఒకే వాక్యం కేటాయించావు. నా అభిప్రాయంలో పుస్తకంలో సగం ఇదే కావాలి. జనగణన విధుల మీద ఇంటింటికీ తిరిగిన ఉపాధ్యాయులలో నేనూ ఉన్నాను. 1991 ఫారంలో, గత సంవత్సరంలో ఏమైనా పని చేశారా అన్న ప్రశ్న పక్కనే, సొంత పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసిన పని కూడా పనిగానే లెక్కించాలని అచ్చు వేసి మరీ ఇచ్చారు. అయినా గుమ్మంలో నిలబడి అడిగితే, ఆమెకు పనేముందమ్మా, ఇంట్లోనే ఉంటుందని మగవారు జవాబు చెప్పేవారు, వెనకాల ఆ ఇల్లాలు మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారనీ, ఆ పనులలో పాలుపంచుకునే పురుషులు గడిపేది 97 నిమిషాలనీ తేలింది. అది గ్యాసు పొయ్యి, మిక్సీ, కుళాయి వచ్చిన తరువాతి లెక్క. మీ నాయనమ్మ కాపురానికి వచ్చిన నాటి లెక్క ఎవరూ వేయలేదు గనుక ఆ లెక్క నువ్వే వేయాలి.

అందుకు ఒక పద్ధతి చెబుతాను. కాలువ రాకముందు ఒక రోజును, వచ్చాక ఒక రోజును ఎంచుకుని, తెల్లవారుజాము నుంచి రాత్రి పడక వరకు పనులన్నిటినీ వరుసగా రాయి. కాలువకు ముందు మన పల్నాడు మెట్ట ప్రాంతం, జొన్నే అన్నం. జొన్నన్నం వండాలంటే ముందుగా జొన్నలను తడిపి, రోట్లో వేసి దంచి, చేటతో చెరిగి, పొట్టు పోయాక పొయ్యి మీదికి ఎక్కించాలి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకటిపోట్లు వేస్తేనే ఇంటిల్లిపాదికీ ఒక పూటకు సరిపోయేది. మంచినీళ్లు ఊరి బయటి దిగుడుబావి నుంచి రావాలి. పేడ తీసి, వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గేదెలకు కుడితి పెట్టి, పాలు పితికి, దాలిలో పాలకుండ ఉంచి, తోడుపెట్టిన పెరుగు చిలికి వెన్న తీయడం పొద్దెక్కకముందే అయిపోయే పనులు. వీటిని ఎవరూ పనిగా చెప్పరు కనుక నువ్వే గుచ్చి అడగాలి. కాలువ వచ్చాక వరి వచ్చింది, బియ్యపు మిల్లు వచ్చింది, రోకలి మూలకు చేరింది. దానితో ఆవిడకు విశ్రాంతి దొరికిందని తొందరపడి రాయకు. నాట్లు, కలుపులు, కూలీలకు భోజనాలు పెరిగాయి, పాడి పెరిగింది, మిరప తోటలు పెరిగాయి. తీరిందేమిటో, కొత్తగా మీద పడిందేమిటో పక్కపక్కన పెట్టి చూపిస్తే, పల్నాడులో సాగర్ నీరు తెచ్చిన మార్పు గురించి పెద్ద పెద్ద పుస్తకాలలో దొరకని సంగతి నీ చిన్న పుస్తకంలో దొరుకుతుంది.

రోజు రాశాక ఏడాది రాయి. కార్తీకంలో ఉసిరికాయ, సంక్రాంతి ముందు చింతకాయ తొక్కు, మాఘంలో పండుమిరపకాయ పచ్చడి, ఎండలు ముదిరాక ఆవకాయ, వడియాలు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి తిరగలిలో విసిరి ఏడాదికి సరిపడా పప్పు చేసుకోవడం, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి కుండలకు ఎత్తడం. వీటి మధ్యలోనే సంక్రాంతి నుంచి ఉగాది దాకా మిరపకాయ కోతలు, కళ్లంలో ఎండబెట్టడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం. ఆ రోజులలో ఆవిడ రాత్రిళ్లు చేతుల మంటకు వెన్న రాసుకుని పడుకునేవారు. మిరపకాయలు గుంటూరు వెళ్లి అమ్ముకుని వచ్చిన మీ తాతయ్య గురించి మన ఇంట్లో చాలా కథలు ఉన్నాయి, తాలుకాయలు ఏరిన వారి గురించి ఒక్కటీ లేదు.

వంటలు రాస్తానన్నావు, రాయి, కానీ 'తగినంత' అన్న మాట వాడకు. ఆవిడ దేన్నీ తూచలేదు నిజమే, అయినా ఆవిడకు కొలత లేదనుకోవడం పొరపాటు. గిద్ద, సోల, తవ్వ, మానిక అన్నవే ఆవిడ కొలతలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని లెక్క అందరికీ ఒకటే అయినా, పాత్రలు మాత్రం ఇంటికొక తీరుగా ఉండేవి. ఆవిడ వాడిన ఇత్తడి సోల మా ఇంట్లోనే ఉంది. వచ్చినప్పుడు దాని నిండా నీళ్లు పోసి, కొలగ్లాసులోకి వంపి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకో. ఆ తరువాత మీ పెద్దత్త చేత ఒకసారి ఆవకాయ కలిపించి, ఆమె గిన్నెలో వేసే ప్రతిదాన్నీ వేయబోయే ముందు కాటాలో పెట్టి తూచు. ఆమె విసుక్కుంటుంది, పరవాలేదు.

డబ్బు గురించి నీ ప్రతిలో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను ఆశ్చర్యపరచింది. చదువురాని పల్లెటూరి ఇల్లాలికి డబ్బు వ్యవహారాలు ఏముంటాయిలే అని నువ్వు అనుకుని ఉండవచ్చు. పెరటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. అవి ఆవిడ పాల లెక్కలు. ఎవరింటికి ఎన్ని తవ్వలు పోశారో, ఎవరు బాకీ ఉన్నారో ఆ గీతలే చెప్పేవి. వెన్న, నెయ్యి, గుడ్లు, పెరట్లో కాసిన కాయలు అమ్మిన డబ్బు పోపుల డబ్బా అడుగుకు చేరేది, అక్కడి నుంచి చీటీపాటకు వెళ్లేది. మీ పెద్దత్త పదో తరగతి పాసైనప్పుడు, ఆడపిల్లకు ఆ చదువు చాలునని మీ తాతయ్య అన్నారు. అత్తయ్యగారు ఎదురు చెప్పలేదు. పుట్టింటివారు తోలిన గేదె సంతతిలోని ఒక పడ్డను, తాతయ్య పొలం వెళ్లినప్పుడు అమ్మేసి, గుంటూరులో హాస్టలు ఫీజు కట్టించి, ఆ సంగతి రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పారు. వారం రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. నువ్వు 'ఓర్పు' అని రాసిన చోట ఈ సంగతి రాసి చూడు. అలాగే, అదే తల్లి చిన్నకూతురిని చదువు మాన్పించి పద్దెనిమిది నిండకముందే పెళ్లి చేయడానికి ఒప్పుకున్నారన్నదీ రాయాలి. ఆడపిల్ల పెళ్లి వయసును 1978లోనే పద్దెనిమిదికి పెంచారు, మన ఇంట్లో ఎవరికీ అది పట్టలేదు. ఒక కూతురికి అలా, ఇంకొక కూతురికి ఇలా ఎందుకు జరిగిందో నాకు తోచిన కారణం ఒకటి ఉంది కానీ, దాన్ని నేను చెప్పడం న్యాయం కాదు. చిన్నత్తను అడుగు, ఆమె ఏమి చెబితే అదే రాయి, మధ్యలో నాయనమ్మను సమర్థించకు.

పసుపు కుంకుమల కింద ఆవిడకు పుట్టింటివారు ఇచ్చిన ఎకరం పొలం గురించి కూడా వాకబు చేయి. 1956 హిందూ వారసత్వ చట్టం అటువంటి ఆస్తి మీద స్త్రీకి పూర్తి హక్కు ఇచ్చింది. అయితే చట్టంలో హక్కు ఉండటం వేరు, శిస్తు, అంటే కౌలు డబ్బు, ఎవరి చేతికి వచ్చిందన్నది వేరు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయిస్తే అది ఎప్పుడు ఎవరి పేరు మీదికి మారిందో తెలుస్తుంది. మన ప్రాంతం ఇప్పుడు పల్నాడు జిల్లా అయినా, 2022 వరకు గుంటూరు జిల్లాలోనే ఉంది కాబట్టి పాత కాగితాలలో ఆ పేరే కనిపిస్తుంది. పొలం అమ్మారని తేలితే ఆ డబ్బు దేనికి ఖర్చయిందో మీ నాన్నను అడుగు. బహుశా జవాబు ఆయన ఇంజనీరింగు చదువు దగ్గర తేలుతుంది.

కాగితాలు తక్కువైనా ఆధారాలు తక్కువ కాదు. అటక మీది స్టీలు సామాను దింపించు. మన వాళ్లకు గిన్నె కొంటే పేరు చెక్కించే అలవాటు ఉంది గనుక, ఇచ్చినవారి పేరు, కొన్నిసార్లు తేదీ, శుభకార్యం పేరు కూడా వాటి అంచుల మీద దొరుకుతాయి. పురుళ్లు, గృహప్రవేశాలు, పెళ్లిళ్ల వరుస ఆ గిన్నెలను బట్టే చాలావరకు కట్టవచ్చు. ట్రంకు పెట్టెలో బ్యాంకు బంగారం తాకట్టు రసీదులు కట్టగట్టి ఉన్నాయి; వాటిని తేదీల వారీగా పేర్చి చూస్తే, పంట పోయిన ఏళ్లు, ఆసుపత్రి ఖర్చులు వచ్చిన ఏళ్లు బయటపడతాయి. నానుతాడు ఎన్నిసార్లు బ్యాంకుకు వెళ్లి వచ్చిందో నాకూ సరిగ్గా గుర్తులేదు.

మనుషులను అడిగే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 'నాయనమ్మ ఎలాంటి మనిషి' అని అడిగావంటే అందరూ 'దేవత' అంటారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. పొద్దున లేవగానే మొదట ఏం చేసేది, డబ్బు ఎక్కడ దాచేది, ఎవరితో మాటలు లేవు, ఒక్కతే ఉన్నప్పుడు ఏం వండుకునేది, ఎవరి మీద కోపం వస్తే ఎవరి మీద చూపించేది అని అడుగు. ఆడవాళ్లను మగవాళ్ల ఎదుట అడగకు. మీ నాన్న, మీ పెదనాన్న పక్కన ఉంటే జవాబులు వాళ్లే చెప్పేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గోంగూర వలుస్తూనో చింతపండు గింజ తీస్తూనో కూర్చున్నప్పుడు అడుగు, నువ్వూ ఒక చెయ్యి వేయి. చేతిలో పని ఉంటే మా తరం ఆడవాళ్లకు మాట తేలికగా వస్తుంది. ఫోనులో రికార్డు చేస్తున్నట్లు ముందుగా చెప్పి, తరువాత దాన్ని పట్టించుకోకుండా పక్కన పెట్టేయి. ఎవరైనా సంవత్సరం తప్పు చెబితే అక్కడే సరిదిద్దకు, రాసుకునేటప్పుడు చూసుకోవచ్చు. 'పోనీలే, యాడికి పోద్ది' వంటి ఆవిడ మాటలు ఎవరి నోట వచ్చినా, వచ్చిన యాసలోనే రాయి. పుస్తకం కదా అని శుద్ధి చేయకు.

బంధువులతోనే ఆగిపోవద్దు. ఆవిడకు పురుళ్లు పోసిన మంత్రసాని కుటుంబంలో కూతురు ఉంది. మన పొలంలో కూలికి వచ్చిన ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ కాలనీలో ఉన్నారు. ఆవిడతో పాటు ఎండలో వంగి పనిచేసినవారు వాళ్లే. నువ్వు రాసిన 'అన్నపూర్ణ' గురించి వాళ్లు కూడా చెబుతారు, నిజంగానే పండగనాడు వాళ్ల పిల్లలకు అరిసెలు విడిగా తీసి ఉంచేవారు. ఆ అరిసెలు వాళ్లు ఎక్కడ నిలబడి అందుకున్నారో, నీళ్లు ఏ గ్లాసులో తాగారో కూడా అడుగు. మన ఇంట్లో పెరటి చూరు కింద విడిగా గ్లాసులు ఉండేవి. నేను కోడలిగా వచ్చాక కూడా చాలాకాలం ఉన్నాయి. ఇది రాస్తే మీ నాన్నకు కోపం వస్తుంది, అయినా ఇది లేకుండా ఆ ఇంటి ఆదరణ గురించి రాసేదంతా వట్టి ముఖస్తుతి అవుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన వార్త మన వైపు కూడా పాకినప్పుడు, మన ఊళ్లో ముందుగా కదిలింది ఆ కాలనీ స్త్రీలే. అత్తయ్యగారు వాళ్లతో వెళ్లారా, లేక వీధి తలుపు వేసుకున్నారా అన్నది వాళ్ల నోటే వినాలి. నేను అప్పుడు బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నాను.

కొన్ని సంగతులు ఎలా రాయాలా అని నీకు సందేహం కలుగుతుంది. బతికిన బిడ్డల లెక్క నీకు తెలుసు, పోయిన బిడ్డల లెక్క అడిగావా? మీ పెదనాన్నకూ పెద్దత్తకూ మధ్య ఉన్న వయసు ఎడం ఊరికే రాలేదు. ఆవిడ ఆ బిడ్డల పేర్లు ఎప్పుడూ పైకి అనకపోయినా, ఆ తేదీలలో తలంటు పోసుకోవడం మానేవారు. వాళ్లనూ సంతానంలో లెక్కించి, పేరు ఉంటే పేరుతో, లేకపోతే పుట్టిన సంవత్సరంతో రాయి. ఆవిడ నలుగురిలో చెప్పిన కష్టమైతే పుస్తకంలో ఉండవచ్చు. ఒక్కరికే, తలుపు చాటున చెప్పుకున్న కష్టమైతే ఆ విన్నవారు అనుమతించినా రాయవద్దని నా నియమం. అటువంటివి నా దగ్గర రెండు మూడు ఉన్నాయి, అడగకు, చెప్పను. అత్తాకోడళ్ల తగాదాలు మాత్రం ధారాళంగా రాయి. నేను ఉద్యోగానికి వెళతానన్నప్పుడు ఆవిడ మొదట వద్దన్నారు, జీతం డబ్బు తన చేతికి ఇమ్మన్నారు, నేను ఇవ్వనన్నాను, ఆ తరువాత నా పిల్లలిద్దరినీ ఒడిలో పెట్టుకుని పెంచి నన్ను బడికి పంపారు. ఈ కథ నా వైపు నుంచి ఇలా ఉంటుంది. ఆవిడ వైపు నుంచి మీ అమ్మకూ మేనత్తలకూ వేరుగా చెప్పి ఉంటారు, అదీ సేకరించు. రెండూ కలవకపోతే రెండూ రాయి.

చివరి జబ్బు, ఆసుపత్రి, ఐసీయూ సంగతులు నీ ప్రతిలో పావువంతు ఆక్రమించాయి. అవి నీకు దగ్గరగా చూసిన రోజులు కనుక అలా జరిగింది, నీ దుఃఖం నాకు అర్థమవుతుంది. అయినా ఎనభై ఆరేళ్ల జీవితంలో అవి మూడు వారాలు. ఒక పేజీకి కుదించు. అట్ట మీద దండ వేసిన ఫోటో వద్దు. కళ్లంలో తలగుడ్డ చుట్టుకుని నిలబడి ఎవరినో గదమాయిస్తున్న ఫోటో మీ పెదనాన్న దగ్గర ఉంది, నలుపు తెలుపుదే అయినా బాగా వచ్చింది. అది వేయించు, కింద ఎవరు తీశారో, ఏ ఏడో, ఆ పక్కన ఉన్న ఆడవాళ్లు ఎవరెవరో పేర్లతో సహా రాయి.

అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం ప్రతిని మేనత్తలిద్దరికీ విడివిడిగా చదివి వినిపించు. ముందు చిన్నత్తకు, తరువాత పెద్దత్తకు. వాళ్లు తీసేయమన్నది ఎందుకు తీసేయమంటున్నారో విని, తమ సొంత సంగతి అయితే మారు మాట్లాడకుండా తీసేయి, అమ్మ పరువు కోసమని అంటే మాత్రం వెంటనే ఒప్పుకోకు, రెండు రోజులు గడువు అడుగు. ఆ తరువాత ప్రూఫులు నాకు పంపు. అచ్చుతప్పులు దిద్ది ఇస్తాను. నా గురించి నువ్వు రాసిన భాగంలో అక్షరదోషాలు తప్ప మరేదీ ముట్టుకోను.

ఇట్లు
మీ పెద్దమ్మ